ఐపీ పెట్టేముందు తెలుసుకోవలసిన సంగతులు

"ఫలానా ఆయన ఐపీ పెట్టాడట" అన్న మాట ఊళ్ళో పాకిందంటే చాలు. అప్పిచ్చినవాళ్ళు లబోదిబోమంటారు. అప్పివ్వనివాళ్ళు "నాకు ముందే అనుమానం" అంటారు. ఆ కుటుంబం మాత్రం ఆ వారం నుంచి ఆరాధనకు రావడం మానేస్తుంది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఇంటికి వెళ్తే తలుపు తీయరు.

ఒకే సంఘంలో అప్పు తీసుకున్నవారు, అప్పిచ్చినవారు, వారి మధ్య హామీ సంతకం పెట్టినవారు పక్కపక్కనే కూర్చుంటారు. కాబట్టి ఐపీ గురించి ముగ్గురికీ తెలియాలి. కానీ మన దగ్గర దీని గురించి చెలామణిలో ఉన్న మాటల్లో సగం తప్పులే. "కోర్టులో ఐపీ వేస్తే అప్పులన్నీ పోతాయి" అనేవారున్నారు. "ఐపీ పెట్టేవాళ్ళంతా మోసగాళ్ళు" అనేవారూ ఉన్నారు. రెండూ నిజం కావు. ఉన్నదంతా దాచకుండా కోర్టు ముందు పెట్టి, పంచవలసింది పంచి, మిగిలిన భారం నుంచి విడుదల అడగడానికి చట్టం ఇచ్చిన దారి ఇది. ఈ దారిలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి "పని అయిపోయింది" అనుకున్నవారు చాలా నష్టపోతారు. ఆ రెండు మెట్ల గురించే ఈ వ్యాసం.

ఏ చట్టం కింద?

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. మన రెండు తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఈ పిటిషన్లు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద నడుస్తున్నాయి. బ్రిటిష్ కాలంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో వేరే చట్టం చేశారు. మిగతా ప్రాంతాల కోసం చేసినది 1920 చట్టం.

2016లో పార్లమెంటు ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ తెచ్చింది. పెద్ద కంపెనీల దివాలా వార్తల్లో వినబడేది అదే. అందులో మూడో భాగం వ్యక్తుల గురించి. సంవత్సరాదాయం ₹60,000 మించని, అప్పులు ₹35,000 మించని, సొంత ఇల్లు లేని నిరుపేదలకు "ఫ్రెష్ స్టార్ట్" అనే సులువైన పద్ధతి కూడా అందులో రాశారు. అయితే 2019 డిసెంబరు 1 నుంచి ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమలులోకి తెచ్చారు. దుకాణదారుకు, రైతుకు, ఉద్యోగికి, ఆటో నడుపుకునేవారికి ఇప్పటికీ 1920 చట్టమే దిక్కు.

అప్పు తీర్చలేకపోవడం నేరమా?

ముందు ఒక భయం తీర్చుకుందాం. అప్పు తీర్చలేకపోవడం దానంతటదే నేరం కాదు. బాకీ కోసం కోర్టు డిక్రీ ఇచ్చినా, డబ్బుండి ఎగ్గొడుతున్నవాడినే సివిల్ జైలుకు పంపగలరు. చేతిలో లేక చెల్లించలేనివాడిని, ఆ ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టంగా చెప్పింది. డబ్బు డిక్రీ కోసం స్త్రీలను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ అసలు ఒప్పుకోదు.

బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బెదిరించడానికి, నలుగురిలో పరువు తీయడానికి వాళ్ళకు హక్కు లేదు.

అయితే చెక్కుల సంగతి వేరు. ఇచ్చిన చెక్కు చెల్లకపోతే నడిచేది క్రిమినల్ కేసు. ఐపీ వేసినంత మాత్రాన ఆ కేసు ఆగదు. ఖాళీ చెక్కులు ఎవరెవరికి ఇచ్చారో మొదటి రోజే లాయరుకు చెప్పాలి.

మొదట ఒక తెల్ల కాగితం

ఒక ఉదాహరణ అనుకుందాం. చిన్న బట్టల దుకాణం నడిపే ఒక సహోదరుడు ఉన్నాడు. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో తెచ్చినది ₹6 లక్షలు. ప్రోనోట్ల మీద ఆరుగురి దగ్గర తెచ్చినది ₹9 లక్షలు. సరుకిచ్చిన హోల్‌సేల్ వ్యాపారికి ₹2 లక్షలు. క్రెడిట్ కార్డు మీద ₹1 లక్ష. మొత్తం ₹18 లక్షలు. ప్రోనోట్ల మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే నెలకు ₹18,000. దుకాణంలో మిగిలేది అంతకన్నా తక్కువ. కాబట్టి ప్రతి నెలా పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేస్తున్నాడు.

ఇప్పుడు ఆస్తులు. ఇల్లు అమ్మితే ₹10 లక్షలు వస్తుంది. అందులో బ్యాంకు ₹6 లక్షలు తీసుకోగా ₹4 లక్షలు మిగులుతుంది. సరుకు విలువ ₹1.5 లక్షలు. పాత మోటార్‌సైకిల్, ఫర్నిచర్ కలిపి ₹50,000. అంటే చేతికొచ్చేది ₹6 లక్షలు. తనఖా లేని అప్పులు ₹12 లక్షలు. రూపాయికి అర్ధరూపాయి లెక్క. ఈ లెక్కను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఐపీ ఆలోచన వచ్చినవారు లాయరు దగ్గరికి వెళ్ళేముందే ఈ లెక్క రాసుకోవాలి. ఎవరికి ఎంత, ఏ తేదీన, ఏ కాగితం మీద, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఎవరు హామీ ఉన్నారు, ఇవన్నీ వేరువేరు గళ్ళలో రాయాలి. భార్యకు తెలియని అప్పు ఉంటే ముందు ఆ సంగతి ఆమెకు చెప్పాలి. చాలామందికి కోర్టు మెట్లెక్కడం కన్నా కష్టమైన పని ఇదే. కానీ భర్త రాసిన పట్టికలో లేని అప్పు కోర్టు హాల్లో బయటపడితే, ఇంట్లో నమ్మకమూ పోతుంది, కోర్టులో నమ్మకమూ పోతుంది.

లెక్క రాసుకున్నాక అప్పుడే ఐపీకి వెళ్ళనవసరం లేదు. బ్యాంకుతో వాయిదాలు తిరగరాయించుకోవడం, ఒకేసారి చెల్లింపుకు బేరం కుదుర్చుకోవడం సాధ్యమేమో అడగాలి. కోర్టులో ఇప్పటికే దావాలు పడి ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. ఉన్నదంతా అమ్మినా, రాబోయే కొన్నేళ్ళ సంపాదన కలిపినా అప్పు తీరదని తేలినప్పుడే ఐపీ.

పిటిషన్‌కు ముందు చేయకూడని మూడు పనులు

కష్టంలో ఉన్నవాడికి సలహాలకు కొదువుండదు. "ముందు ఇల్లు మీ బామ్మర్ది పేర రాసెయ్, తర్వాత ఐపీ పెట్టు" అనే సలహా ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది. ఇది విన్నవాడు విడుదలను తన చేతులతోనే పాడుచేసుకుంటాడు.

మొదటిది, ఆస్తిని మార్చడం. నిజమైన కొనుగోలుదారుకు సరైన వెలకు అమ్మితే ఫరవాలేదు. ఊరికే గిఫ్టు రాసినా, పేరుకు మాత్రం అమ్మినట్టు రాసినా, ఆ తర్వాత రెండేళ్ళలోపు వేసిన పిటిషన్ మీద అతణ్ణి దివాలాదారుగా ప్రకటిస్తే ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయగలదు. ఆ మార్పిడే అతని మీద సాక్ష్యమవుతుంది.

రెండోది, ఇష్టమైనవాళ్ళకు ముందు తీర్చడం. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లోపు ఒక అప్పులవాడికి మిగతావారికన్నా మేలు చేయాలనే ఉద్దేశంతో చెల్లించి ఉంటే, ఆ చెల్లింపు చెల్లదు. మన ఉదాహరణలో ఆ సహోదరుడు సరుకంతా అమ్మి ₹1.5 లక్షలు తోడల్లుడి ప్రోనోటుకు కట్టేశాడనుకోండి. తోడల్లుడు సంతోషిస్తాడు. కూతురి పెళ్ళి కోసం దాచుకున్న డబ్బు అప్పిచ్చిన విధవరాలికి రావలసిన వాటా మాత్రం తగ్గిపోతుంది. అందుకే చట్టం ఆ డబ్బును వెనక్కి రప్పిస్తుంది.

మూడోది, తీర్చలేనని తెలిసి కూడా కొత్త అప్పు చేయడం. "ఎలాగూ ఐపీ పెడుతున్నాం కదా" అని చివరి నెలలో క్రెడిట్ కార్డు మీద వస్తువులు కొనడం, చీటీ పాడుకుని డబ్బు తీసుకోవడం మోసం కిందికి రావచ్చు. మోసంతో చేసిన అప్పు విడుదల తర్వాత కూడా పోదు.

మొదటి మెట్టు: దివాలాదారుగా ప్రకటన

పిటిషన్‌ను బాకీదారు నివసించే, లేదా వ్యాపారం చేసుకునే ప్రాంతంలోని జిల్లా కోర్టులో గాని, ఆ అధికారం ఇచ్చిన సబార్డినేట్ కోర్టులో గాని వేయాలి. అప్పులు తీర్చలేని స్థితిలో ఉండాలి. దాంతో పాటు అప్పు కనీసం ₹500 ఉండాలి, లేదా డిక్రీ అమలులో అతణ్ణి అరెస్టు చేసి ఉండాలి, లేదా అతని ఆస్తిని జప్తు చేసి ఉండాలి. ₹500 అనేది వందేళ్ళ నాటి అంకె కాబట్టి ఇప్పుడు అది ఎవరికీ అడ్డు కాదు.

పిటిషన్‌లో అప్పులవాళ్ళందరి పేర్లు, చిరునామాలు, బాకీ మొత్తాలు, ఆస్తులన్నిటి వివరాలు, వాటి విలువ రాయాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ఐపీ వేశారా అన్నదీ చెప్పాలి. మినహాయింపు ఉన్నవి తప్ప మిగతా ఆస్తినంతా కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని ప్రకటించాలి. దుకాణం లెక్కల పుస్తకాలు చూపించాలి. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుచేత "అప్పులవాళ్ళను బెదిరించడానికి ఒక నోటీసు పంపిద్దాం" అన్న ఆలోచనతో ఐపీ జోలికి పోకూడదు.

తర్వాత అప్పులవాళ్ళందరికీ నోటీసులు వెళ్తాయి. విచారణ రోజున జడ్జి బాకీదారును అతని నడవడి గురించి, లావాదేవీల గురించి, ఆస్తి గురించి ప్రశ్నిస్తారు. వచ్చిన అప్పులవాళ్ళకూ ప్రశ్నించే హక్కుంది. నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నాడని పైకి కనబడే ఆధారాలుంటే కోర్టు అతణ్ణి దివాలాదారుగా ప్రకటిస్తుంది.

ఆ ప్రకటనతో అతని ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరుకో దఖలు పడుతుంది. రిసీవరు ఆస్తిని అమ్మి, రుజువైన అప్పుల దామాషాలో అందరికీ పంచుతాడు. ఏదైనా మిగిలితే బాకీదారుకే తిరిగి వస్తుంది. అప్పులవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావాలు వేయడానికి, ఆస్తి మీదికి వెళ్ళడానికి వీలుండదు. అరెస్టు నుంచి రక్షణ కావాలంటే కోర్టును అడిగి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈ ఆసరా అంతా ప్రకటన తర్వాతే. పిటిషన్ వేసిన రోజే దావాలన్నీ వాటంతటవే ఆగిపోవు.

తనఖా ఉన్న బ్యాంకును కూడా ఐపీ ఆపదు. ఇంటి మీద, బంగారం మీద అప్పిచ్చినవారికి ఆ తాకట్టు మీద హక్కు అలాగే ఉంటుంది.

మరి కుటుంబానికి ఏం మిగులుతుంది? సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తుకు వీల్లేదన్న వస్తువులను దివాలాలోనూ ముట్టుకోరు. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మత ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు అందులో ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండ్ కూడా ఉంది. జీతంలో మొదటి ₹1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు మామూలు బాకీల జప్తుకు దొరకవు. రైతు, కూలీ, ఇంటిపనివారు తాము ఉండే సొంత ఇంటికీ రక్షణ ఉంది. మన ఉదాహరణలోని దుకాణదారుకు మాత్రం ఆ రక్షణ లేదు. అతని ఇల్లు పోతుంది. ఐపీకి వెళ్ళేముందు కుటుంబమంతా కూర్చుని ఒప్పుకోవలసిన విషయం అది.

రెండో మెట్టు: విడుదల

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. దివాలాదారుగా ప్రకటించిన ఉత్తర్వు చేతికి రాగానే అప్పు పోయిందనుకుని ఇంటికి వెళ్ళిపోతారు. అప్పు ఇంకా పోలేదు. అప్పును రద్దు చేసేది ఆ తర్వాత వచ్చే మరో ఉత్తర్వు. కోర్టు భాషలో దాన్ని డిశ్చార్జ్ అంటారు.

ప్రకటన ఉత్తర్వులోనే కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోగా విడుదల కోసం వేరే దరఖాస్తు వేసుకోవాలి. సరైన కారణం చూపితే గడువు పొడిగిస్తారు. వేయకుండా వదిలేస్తే ప్రకటననే రద్దు చేస్తారు. అప్పుడు అప్పులవాళ్ళు మళ్ళీ దావాలతో వస్తారు. ఆ బాకీదారు కోర్టు అనుమతి లేకుండా ఇంకోసారి ఐపీ వేయడానికీ వీలుండదు. ఇల్లు పోయింది, పరువు పోయింది, అప్పు మాత్రం అలాగే మిగిలింది. ఒక్క కాగితం సమయానికి వేయనందుకు ఇంత నష్టం. కాబట్టి ఉత్తర్వు రాగానే ఆ గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఆలస్యం వల్ల ఇంకో నష్టం ఉంది. విడుదల వచ్చేలోపు సంపాదించిన ఆస్తి, వారసత్వంగా వచ్చిన ఆస్తి కూడా రిసీవరుకే చెందుతాయి. ఆ మధ్యకాలంలో తాను దివాలాదారునన్న సంగతి చెప్పకుండా ₹50 అప్పు తీసుకున్నా ఆరు నెలల వరకు జైలు శిక్ష పడే నేరమవుతుంది. స్థానిక సంస్థల పదవులకు ఎన్నిక కావడానికీ అర్హత ఉండదు.

విడుదల దరఖాస్తు విచారణలో రిసీవరు నివేదిక చూస్తారు, అప్పులవాళ్ళ అభ్యంతరాలు వింటారు. కోర్టు పూర్తి విడుదల ఇవ్వవచ్చు, కొంతకాలం ఆపవచ్చు, రాబోయే సంపాదనలో కొంత చెల్లించాలని షరతు పెట్టవచ్చు, అసలు నిరాకరించనూ వచ్చు.

పూర్తి విడుదల ఇవ్వకూడదని చట్టమే చెప్పిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఆస్తుల విలువ తనఖా లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి కూడా లేకపోవడం ఒకటి. అది తన తప్పు వల్ల జరిగింది కాదని బాకీదారు కోర్టును ఒప్పించగలిగితే ఇది అడ్డు కాదు. వ్యాపారి ముందు మూడేళ్ళ లెక్కల పుస్తకాలు సరిగా పెట్టకపోవడం, దివాలా తీశానని తెలిసి కూడా వ్యాపారం సాగించడం, జూదం, దుబారా, దుస్సాహసపు వ్యాపారాలతో అప్పుల్లో కూరుకుపోవడం, ఆస్తి దాచడం, ఇష్టమైనవారికి ముందు చెల్లించడం, ఇంతకుముందు ఒకసారి దివాలాదారు కావడం కూడా అందులో ఉన్నాయి.

మన సహోదరుడి లెక్క సరిగ్గా రూపాయికి అర్ధరూపాయి. తోడల్లుడికి ఆ ₹1.5 లక్షలు కట్టి ఉంటే చేతిలో మిగిలేది ₹4.5 లక్షలు, తీర్చవలసింది ₹10.5 లక్షలు. అంటే రూపాయికి 43 పైసల లోపే. అర్ధరూపాయి గీత దాటిపోవడమే కాకుండా, ఆ చెల్లింపే రెండో అభ్యంతరంగా తయారయ్యేది. దానికి బదులు లెక్కల పుస్తకాలు చూపించి, ఆసుపత్రి బిల్లులు చూపించి, వ్యాపారం ఎందుకు పడిపోయిందో దాచకుండా చెబితే విడుదలకు దారి తెరుచుకుంటుంది.

మధ్యలో రాజీకీ అవకాశముంది. "ఇన్నేళ్ళలో ఇంత కడతాను" అని బాకీదారు ఒక ప్రతిపాదన పెట్టవచ్చు. సమావేశానికి వచ్చిన, అప్పు రుజువైన అప్పులవాళ్ళలో సంఖ్యలో సగానికి పైగా, బాకీ విలువలో నాలుగింట మూడు వంతులు ఉన్నవారు ఒప్పుకుంటే, కోర్టు దాన్ని పరిశీలించి ఆమోదించవచ్చు.

విడుదల తర్వాతా మిగిలేవి

విడుదల వచ్చాక, దివాలాలో రుజువు చేసుకోదగిన అప్పులన్నీ రద్దవుతాయి. నాలుగు రకాలు మాత్రం మిగులుతాయి: ప్రభుత్వానికి చెల్లించవలసినవి, మోసంతో గాని నమ్మకద్రోహంతో గాని చేసినవి, మోసపుచ్చి గడువు పొందినవి, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి.

హామీ పెట్టినవారి సంగతి ముఖ్యంగా చెప్పాలి. బాకీదారు విడుదలైనా హామీదారు విడుదల కాడు. అప్పులవాడు అతని మీదికి వెళ్ళవచ్చు. సంఘంలో సాటి సహోదరుడి చీటీకి, లోనుకు మొహమాటంతో సంతకం పెట్టినవారు ఎందరో ఉన్నారు. పరులకు పూటపడడం గురించి సామెతల గ్రంథం పదే పదే హెచ్చరించింది ఊరికే కాదు. ఐపీ వేయబోయేవాడు తనకు హామీ ఉన్నవారి ఇళ్ళకు నోటీసుకన్నా ముందు తానే స్వయంగా వెళ్ళి చెప్పడం కనీస ధర్మం.

అప్పిచ్చినవారికి, సంఘానికి

విశ్వాసి అప్పు తీర్చకుండా విడుదల కోరవచ్చా అని మనసు నలిగేవారు ఉంటారు. అప్పు తీర్చాలని లేఖనాలు గట్టిగా చెబుతాయి. ఏడవ సంవత్సరాన బాకీలు విడిచిపెట్టాలన్న ఆజ్ఞ కూడా ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో ఉంది. రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలు ఇంట్లో ఏముందో ఎలీషాకు దాచకుండా చెప్పింది, నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలినదానితో తానూ పిల్లలూ బతికారు. ఉన్నది చెప్పడం, ఇవ్వగలిగింది ఇవ్వడం, బిడ్డల బతుకు నిలబెట్టుకోవడం ఈ మూడూ ఒకదానికొకటి విరోధం కావు. కోర్టు విడుదల ఇచ్చాక ఎప్పుడైనా దేవుడు చేతికిచ్చినప్పుడు, చట్టం అడగకపోయినా పేద అప్పులవాళ్ళకు తిరిగి చెల్లించాలనుకుంటే ఎవరూ అడ్డుపడరు.

అప్పిచ్చినవారు నోటీసు వస్తే చించి పారేయకండి. గడువులోగా మీ ప్రోనోటుతో వెళ్ళి అప్పు రుజువు చేసుకోండి. రుజువు చేసుకోనివారికి పంపకంలో వాటా రాదు. కోర్టులో ప్రశ్న అడగడం పగ తీర్చుకోవడం కాదు. ఆస్తి దాచారని తెలిస్తే చెప్పడం మీ హక్కు. దాచలేదని తెలిశాక కూడా ఆ మనిషి గుమ్మం ముందు కూర్చుని కేకలు వేయడం వల్ల ఒక్క రూపాయి రాదు.

సంఘ కాపరులు, పెద్దలు చేయగలిగిన సాయం ఉంది. ఇంకో అప్పు ఇప్పించడం సాయం కాదు. వేదిక మీద పేరు చెప్పి ప్రార్థన చేయించడం కూడా కాదు. ఒక సాయంత్రం వెళ్ళి కూర్చుని ఆ అప్పుల పట్టిక రాయించండి. లాయరు దగ్గరికి తోడు వెళ్ళండి. లాయరు ఫీజుకు దారి లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది, ఆదాయ పరిమితిలోపు ఉన్న పురుషులకూ ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

అప్పుల బాధలో ఉన్న మనిషి "ఇక నేను లేకపోతేనే మీకు మంచిది" వంటి మాట అంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఎంత అప్పయినా కోర్టులో దానికొక పట్టిక, ఒక గడువు, ఒక ముగింపు ఉన్నాయన్న సంగతి ఆ మనిషికి చెప్పండి. చాలామందికి అది తెలియదు.

మీ సంఘంలో ఈమధ్య ఆరాధనకు రావడం మానేసిన కుటుంబం ఏదైనా ఉందా? ఈ వారం ఒకసారి వాళ్ళ ఇంటికి వెళ్ళి రండి. అప్పు సంగతి వాళ్ళు చెబితే వినండి, చెప్పకపోతే టీ తాగి రండి. తలుపు తీసే మనుషులున్నారని తెలిస్తే, పట్టిక రాయడానికి పెన్ను పట్టుకునే ధైర్యం దానంతటదే వస్తుంది.